బెజవాడ గాలిని ఉపగ్రహం డేటాతో చదవడం: మొదటి మ్యాపు నుంచి నెల సగటు దాకా

కొన్నేళ్ల కిందట ఒక జనవరి రాత్రి మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక మ్యాపు పెట్టాను. ఇబ్రహీంపట్నం నుంచి మంగళగిరి దాకా కృష్ణకు అటూ ఇటూ ఎర్రగా ముద్దకట్టి ఉంది. కింద "ఇదీ మనం పీలుస్తున్న గాలి" అని రాశాను. తెల్లారేసరికి అది నాలుగు గ్రూపులు తిరిగింది. పై ఫ్లోర్‌లో ఉండే పెద్దాయన లిఫ్ట్ దగ్గర ఆపి, "ఎరుపంటే ఎంత బాబూ?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఇంట్లోకొచ్చి చూసుకుంటే రంగుల స్కేలుకి పై హద్దు నేనే మరీ తక్కువగా పెట్టాను. అదే స్కేలుతో నల్లమల అడవి కూడా పసుపు రంగులో కనిపిస్తోంది. పోస్టు తీసేశాను గానీ ఫార్వర్డ్ అయినవాటిని ఎవరు తీస్తారు?

మీరు ఆ తప్పు చేయకుండా ఉండటానికే ఇది రాస్తున్నాను. కావలసింది ఒక కంప్యూటరు, ఒక ఈమెయిల్ ఐడీ, ఓ ఆదివారం మధ్యాహ్నం. డేటా అంతా ఉచితమే. కోడింగ్ రాకపోయినా సగం దాకా వెళ్లొచ్చు.

ముందు ఒక లెక్క: ఉపగ్రహం కొలిచేది మీ ముక్కు దగ్గరి గాలిని కాదు

మనం ఎక్కువగా వాడబోయేది సెంటినెల్-5పీ అనే యూరప్ ఉపగ్రహం. 2017 అక్టోబరు 13న ప్రయోగించారు. 824 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతూ, సుమారు 2,600 కిలోమీటర్ల వెడల్పు పట్టీని ఒకేసారి చూస్తుంది. అందుకే రోజుకొకసారి దాదాపు ప్రపంచమంతా దాని కంట్లో పడుతుంది. అందులో ఉన్న పరికరం పేరు ట్రోపోమి. అది ఫొటో తీయదు. నేలను తాకి తిరిగి పైకి వెళ్లే సూర్యకాంతిని వందల సన్నని రంగులుగా విడగొట్టి, ఏ రంగు ఎంత తగ్గిందో చూస్తుంది. నైట్రోజన్ డయాక్సైడ్ నీలి కాంతిని మింగుతుంది. ఆ వాయువు ఎక్కువైతే ఆకాశం అంచు గోధుమ రంగుకి తిరిగేది అందుకే. సల్ఫర్ డయాక్సైడ్ అతినీలలోహిత కాంతిని, మీథేన్, కార్బన్ మోనాక్సైడ్ కంటికి కనిపించని పరారుణ కాంతిని మింగుతాయి. ఒక్కో వాయువుది ఒక్కో వేలిముద్ర.

కాంతి పైనుంచి కిందికి, కింది నుంచి పైకి ప్రయాణిస్తుంది కాబట్టి తేలేది దారి పొడవునా ఉన్న మొత్తం వాయువు. దీన్నే కాలమ్ అంటారు. చదరపు మీటరు నేల మీద నిలబెట్టిన గొట్టంలో ఎన్ని మోల్స్ (అణువుల సంఖ్యకి కొలమానం) ఉన్నాయన్నది లెక్క. మీ వీధి చివర ఉండే కాలుష్య కేంద్రం చెప్పేది మాత్రం ఒక ఘనపు మీటరు గాలిలో ఎన్ని మైక్రోగ్రాములు అని. ఈ రెండింటినీ ఒకటనుకోవడమే అందరూ చేసే మొదటి తప్పు. ఒక చిన్న లెక్క చేసి చూడండి.

కాలమ్‌లో చదరపు మీటరుకు 100 మైక్రోమోల్స్ నైట్రోజన్ డయాక్సైడ్ ఉందనుకోండి. డేటాలో ఇది 0.0001 మోల్ అని కనిపిస్తుంది. ఒక మోల్ బరువు 46 గ్రాములు. అంటే ఆ గొట్టంలో ఉన్నది 4.6 మిల్లీగ్రాములు, అంటే 4,600 మైక్రోగ్రాములు. ఎండ బాగా కాసే మధ్యాహ్నం గాలి కిలోమీటరున్నర ఎత్తు దాకా కలగలిసిందనుకుంటే, 4,600ను 1,500తో భాగించాలి. ఘనపు మీటరుకు 3 మైక్రోగ్రాములు వస్తుంది. అదే వాయువు సంక్రాంతి ముందు రోజుల్లో తెల్లవారుజామున 300 మీటర్ల లోపే మూతపెట్టినట్టు ఆగిపోతే 15 దాటుతుంది. కాలమ్ ఒక్కటే, పీల్చే గాలిలో తేడా అయిదు రెట్లు. నిజానికి వాయువు ఇంత సమంగా పరుచుకోదు, అయినా విషయం అర్థం కావడానికి ఈ లెక్క చాలు.

దీనికి తోడు సెంటినెల్-5పీ మన మీదుగా వెళ్లేది మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో. గాలి బాగా కలగలిసి, వాయువులు ఎండకు చకచకా విరిగిపోయే వేళ అది. బెంజి సర్కిల్‌లో పొద్దున తొమ్మిదింటి ట్రాఫిక్‌నీ, సాయంత్రం ఏడింటి ట్రాఫిక్‌నీ అది చూడనే చూడదు.

ఇంకొకటి, పిక్సెల్ సైజు. సరిగ్గా కింద ఉన్న చోట ఒక్కో గడి 5.5 కిలోమీటర్ల పొడవు, 3.5 కిలోమీటర్ల వెడల్పు. 2019 ఆగస్టుకు ముందు పొడవు 7 కిలోమీటర్లు ఉండేది. విజయవాడ నగరపాలక సంస్థ విస్తీర్ణం సుమారు 62 చదరపు కిలోమీటర్లు. భాగించి చూడండి. ఊరంతా కలిపి మూడు గడులు! కాబట్టి గవర్నర్‌పేటలో ఎక్కువా, పటమటలో ఎక్కువా అని ఈ డేటాని అడగకండి.

ఏ వాయువుతో మొదలుపెట్టాలి

నైట్రోజన్ డయాక్సైడ్‌తోనే. ఇందులో రెండో ఆలోచన లేదు. వాహనాలు, బొగ్గు, గ్యాస్, ఏది బాగా వేడిగా మండినా అది పుడుతుంది. పగటిపూట కొన్ని గంటలే బతుకుతుంది. అందుకే పుట్టిన చోటు చుట్టూనే కనిపిస్తుంది. కృష్ణా, గుంటూరు మ్యాపులో ఇబ్రహీంపట్నం దగ్గరి నార్ల తాతారావు థర్మల్ స్టేషన్, మనం వీటీపీఎస్ అనేది, కొండపల్లి పారిశ్రామికవాడ, విజయవాడ నగరం, జాతీయ రహదారులు అన్నీ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. వీటీపీఎస్‌లో మొదట 210 మెగావాట్ల యూనిట్లు ఆరు, తర్వాత 500, ఈమధ్య 800 మెగావాట్ల యూనిట్లు వచ్చాయి. ఇంత పెద్ద బొగ్గు కేంద్రం ఉన్న చోట సిగ్నల్ దొరకడం కష్టం కాదు.

సల్ఫర్ డయాక్సైడ్ బొగ్గుకి ఇంకా మంచి గుర్తే. కానీ సిగ్నల్ కన్నా గోల ఎక్కువ. ఒక్కరోజు మ్యాపులో మైనస్ అంకెలు కూడా వస్తాయి, చూసి కంగారు పడొద్దు. అవి కొలతలోని ఊగిసలాట. వాటిని తీసేస్తే సగటు తప్పుగా పైకి పోతుంది, ఉంచాలి. దీనికి నెలలు కాదు, ఏడాది సగటు కావాలి. కార్బన్ మోనాక్సైడ్ వారాల తరబడి గాలిలో తిరుగుతుంది. మీ ఊరి మీద కనిపించేదాంట్లో ఎక్కడెక్కడిదో ఉంటుంది. మీథేన్ మీద ఆశ పెట్టుకోవద్దు. సార్వాలో నీళ్లు నిలిచిన వరి మళ్లలోంచి అది పైకి వచ్చే కాలంలోనే ఆకాశమంతా మబ్బు, మబ్బులోంచి ఆ కొలత కుదరదు.

దుమ్ము, పొగ, బూడిద లాంటి కణాలు చూడాలంటే దారి వేరు. నాసా వారి వరల్డ్‌వ్యూ వెబ్‌సైట్ తెరిచి, ఏరోసాల్ ఆప్టికల్ డెప్త్ అనే పొర వేసుకోండి. గాలిలోని కణాలు కాంతిని ఎంత అడ్డుకుంటున్నాయో చెప్పే అంకె అది. ఖాతా అక్కర్లేదు. 0.1 అంటే తేట ఆకాశం, 1 దగ్గరకొస్తే మసక మసక. ఇది కూడా కాలమ్ లెక్కే, నేల దగ్గరి సన్నటి కణాలను కొలిచే పీఎం 2.5 కాదు.

మొదటి మ్యాపు: కోడ్ లేకుండా

కోపర్నికస్ బ్రౌజర్ వెబ్‌సైట్‌లోకి వెళ్లి ఉచిత ఖాతా తెరవండి. వెతికే పెట్టెలో విజయవాడ అని కొట్టండి. ఎడమవైపు ప్యానెల్‌లో డేటా రకాల జాబితా ఉంటుంది. అందులో సెంటినెల్-5పీ, దాని కింద నైట్రోజన్ డయాక్సైడ్ ఎంచుకుని, తేదీ పెట్టండి. మొదటిసారికి జనవరి లేదా ఫిబ్రవరిలో మబ్బులేని రోజు మేలు. ఆగస్టు తేదీతో మొదలుపెడితే తెర మీద చిల్లుల దుప్పటి కనిపిస్తుంది, ఉత్సాహం చచ్చిపోతుంది.

మ్యాపు రాగానే రంగులు చూడకండి, పక్కనే ఉండే రంగుల పట్టీ తెరిచి అంకెలు చూడండి. నీలం ఎక్కడ మొదలవుతోంది, ఎరుపు ఎంత దగ్గర ముగుస్తోంది? ఆ రెండు అంకెలూ కాగితం మీద రాసుకోండి. తర్వాత జూమ్ బాగా తగ్గించి హైదరాబాద్, విశాఖ, రామగుండం, సింగ్రౌలీ అన్నీ ఒకే స్కేలులో చూడండి. సింగ్రౌలీ బొగ్గు కేంద్రాల ముద్ద చూశాక మన ముద్ద ఎంతటిదో తెలుస్తుంది.

ఇప్పుడు ఒక్కో రోజూ ముందుకు జరుపుతూ పది రోజులు చూడండి. ఓ రోజు ముద్ద పడమటికి సాగుతుంది, మర్నాడు మాయమవుతుంది, మూడో రోజు సగం మ్యాపు ఖాళీ. ఒక్కరోజు బొమ్మని పట్టుకుని ఏమీ అనకూడదని నేను చెబితే మీరు నమ్మకపోవచ్చు. ఈ పది రోజులు చూస్తే మీకే తెలుస్తుంది.

ఎవరికైనా పంపేటప్పుడు మ్యాపు కింద ఈ మాదిరి ఒక వాక్యం రాయండి: "నైట్రోజన్ డయాక్సైడ్, కింది వాతావరణం కాలమ్, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా సగటు, ఇన్ని రోజుల డేటా, రంగుల హద్దు 0 నుంచి ఇంత." ఇది లేని మ్యాపు మీకు ఎవరైనా పంపితే ముందు అడగండి, తర్వాత భయపడండి.

నెల సగటు: ఎర్త్ ఇంజిన్

అసలు పని ఇక్కడే. గూగుల్ ఎర్త్ ఇంజిన్ అంటే ఉపగ్రహాల డేటాని ఇంటర్నెట్‌లోనే లెక్కగట్టే చోటు. వ్యాపారేతర పనులకు ఉచితం. గూగుల్ ఖాతాతో వెళ్లి ఒక ప్రాజెక్టు రిజిస్టర్ చేసుకోవాలి. కోడ్ రాని వాళ్లు భయపడే చోటిది, కానీ రాయాల్సింది దాదాపు ఏమీ లేదు. డేటా కేటలాగ్‌లో సెంటినెల్-5పీ నైట్రోజన్ డయాక్సైడ్ పేజీ తెరవండి. రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి కొలిచిన కొద్ది గంటల్లో వచ్చేది, రెండోది కొన్ని రోజుల తర్వాత తీరిగ్గా లెక్కగట్టి ఇచ్చే ఆఫ్‌లైన్ రకం. సగటులకు ఆఫ్‌లైన్ తీసుకోండి. పేజీ చివర నమూనా కోడ్ ఉంటుంది, నొక్కితే ఎడిటర్‌లో తెరుచుకుంటుంది. అందులో మీరు మార్చేవి నాలుగే.

మొదటిది తేదీలు. డిసెంబరు 1 నుంచి మార్చి 1 దాకా, అంటే మనకు ఆకాశం తేటగా ఉండే కాలం. చివరి తేదీ లెక్కలోకి రాదు, ఫిబ్రవరి ఆఖరు రోజుతో ఆగుతుంది.

రెండోది బ్యాండ్ పేరు, అంటే డేటాలోని ఏ కొలత కావాలన్నది. ఒకే పేజీలో మొత్తం కాలమ్, కింది వాతావరణం కాలమ్, పై వాతావరణం కాలమ్ అని విడివిడిగా ఉంటాయి. పైన స్ట్రాటోస్ఫియర్‌లో కూడా సహజంగా ఈ వాయువు ఉంటుంది, దానికీ బందరు రోడ్డుకీ సంబంధం లేదు. నమూనాలో ఏ బ్యాండ్ ఉందో చూసి, ట్రోపోస్ఫియర్ (కింది వాతావరణం) అని ఉన్నదాన్ని పెట్టండి.

మూడోది మ్యాపు కేంద్రం. ఇక్కడ రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత: 80.6, 16.5. మనకు అలవాటైన వరసలో తిప్పి కొట్టారో, ఉత్తర ధ్రువం దగ్గర స్వాల్‌బార్డ్ దీవుల పక్క సముద్రంలో తేలతారు. నేను తేలాను. అక్కడ కాలుష్యం లేదని సంతోషించాను కూడా.

నాలుగోది రంగుల హద్దు. 0 నుంచి 0.0002 మోల్ మధ్య ఏదో ఒకటి పెట్టుకుని, ఒకసారి పెట్టాక ఏ మ్యాపుకీ మార్చకండి. ఈ సంవత్సరం మ్యాపుకి ఒక స్కేలు, పోయినేటి దానికి ఇంకో స్కేలు పెడితే రెండిటినీ పోల్చినట్టు కాదు.

సగటు అనే ఆదేశం నమూనాలోనే ఉంటుంది. దాని పక్కన ఇంకో మ్యాపు చేసుకోండి. సగటు బదులు లెక్కింపు అనే ఆదేశం పెడితే, ఒక్కో చోట నిజంగా పనికొచ్చిన కొలతలు ఎన్ని ఉన్నాయో వస్తుంది. నైట్రోజన్ డయాక్సైడ్ ట్రోపోస్ఫియర్ బ్యాండ్‌లో నాణ్యత 75 శాతం కన్నా తక్కువున్న గడులను ఎర్త్ ఇంజిన్ ముందే తీసేస్తుంది. అందుకే జూలైలో నెల మొత్తానికీ మిగిలేవి కొద్ది కొలతలే. అయిదు రోజుల సగటుని నెల సగటు అని పిలవకండి.

ఈ సగటు మ్యాపు దగ్గర్నుంచి చూస్తే కిలోమీటరు గడుల్లా కనిపిస్తుంది. అసలు కొలత అంత సన్నగా లేదు, వేరే గ్రిడ్‌లోకి మార్చినప్పుడు వచ్చిన గడులవి. అయితే ఉపగ్రహం గడులు రోజూ ఒకే చోట పడవు, కొంచెం కొంచెం జరుగుతాయి. నెలల తరబడి కలిపితే ఆ అతివ్యాప్తి వల్ల అంచులు నిజంగానే తేటపడతాయి. మూడు నెలల సగటులో థర్మల్ స్టేషన్ ముద్దనీ నగరం ముద్దనీ విడదీసి చూడగలుగుతారేమో మీరే ప్రయత్నించండి. రెండిటికీ మధ్య దూరం రెండు మూడు గడులే.

గాలి ఎటు వీస్తోంది?

ఈ ఒక్క ప్రశ్న వేసుకోని వాళ్లు ఎన్ని మ్యాపులు చేసినా లాభం లేదు. పొగగొట్టం ఇబ్రహీంపట్నంలో ఉన్నంతమాత్రాన వాయువు అక్కడే కూర్చోదు. సెకనుకు 4 మీటర్ల గాలి అంటే గంటకు 14 కిలోమీటర్లు. మూడు గంటల్లో 40 దాటుతుంది. విజయవాడ నుంచి గుంటూరు దూరం అంతకన్నా తక్కువే.

చలికాలంలో మనకు ఈశాన్యం వైపు నుంచి గాలి ఎక్కువ. అలాంటి రోజు ఇబ్రహీంపట్నం దగ్గర పుట్టినది నది దాటి తుళ్లూరు, తాడికొండ వైపు సాగాలి. గాలి ఇంకాస్త ఉత్తరానికి తిరిగితే గుంటూరు వైపే. ఎండాకాలంలో సముద్రం మీది నుంచి ఆగ్నేయపు గాలి తగులుతుంది, అప్పుడు నందిగామ వైపు. అక్కడ్నుంచి జగ్గయ్యపేట దాకా పోతే సిమెంటు ఫ్యాక్టరీల సిగ్నల్‌తో కలిసిపోయే అవకాశం ఉంది.

కాబట్టి మీ రోజులన్నిటినీ గాలి దిశను బట్టి రెండు కుప్పలు చేయండి. గన్నవరం విమానాశ్రయం దగ్గరి వాతావరణ రికార్డులో మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు మధ్య దిశ చూసుకుని, ఈశాన్యపు రోజులు ఒక కుప్ప, ఆగ్నేయపు రోజులు ఒక కుప్ప. రెండు కుప్పలకీ వేరువేరు సగటు తీయండి. ఒకదాంట్లో తోక నైరుతికీ, ఇంకోదాంట్లో వాయవ్యానికీ తిరిగితే, తోక మొదలు ఎక్కడుందో అదే మూలం. ఆ సగటుల్లో మీ ఊరి మీద ఏమీ లేదంటే ఊళ్లో కాలుష్యం లేదని కాదు. ఆ వేళకి గాలి దాన్ని పక్కూరికి పంపేసింది.

మంటలు, పండగలు

పొలాల్లో మంటలకు నాసా వారి ఫర్మ్స్ మ్యాపు ఉంది. దాదాపు మూడు గంటల్లో కొత్త మంటలు చుక్కలుగా వచ్చేస్తాయి. 375 మీటర్ల గడులతో చూసే వీర్స్ పరికరం డేటా ఎంచుకోండి. మిషన్ కోత తర్వాత మిగిలిన వరి కొయ్యకాళ్లు, పత్తి కట్టె, మొక్కజొన్న చొప్ప తగలబెట్టే రోజుల్లో డెల్టా మీద చుక్కలు లేస్తాయి. చుక్క ఉన్నది గడి మధ్యలో, మంట ఉన్న సర్వే నంబరులో కాదు. దాన్ని పట్టుకుని ఫలానా రైతు పొలం అని వేలు చూపించడం అన్యాయం. ఏడాది పొడవునా ఒకే చోట వచ్చే చుక్క పొలం మంట అయ్యే అవకాశం తక్కువ, అక్కడ కొలిమి లాంటిదేదో వేడి ఉంటుంది.

పండగల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఏటా నన్నెవరో ఒకరు అడుగుతారు. భోగి మంటలు తెల్లవారుజామున నాలుగైదు గంటలకు. వీర్స్ వచ్చేది రాత్రి ఒకటిన్నరకు, మళ్లీ మధ్యాహ్నం ఒకటిన్నరకు. దొరకవు. దీపావళి టపాసులు రాత్రి ఎనిమిది నుంచి పది. ట్రోపోమికి సూర్యకాంతి ఉంటేనే పని. మర్నాటి మధ్యాహ్నానికి మిగిలిన మసక ఏరోసాల్ మ్యాపులో కొంత కనిపించొచ్చు గానీ, దాన్ని బట్టి "ఈసారి తక్కువ కాల్చారు" అని తేల్చలేం. ఆ ప్రశ్నకి జవాబు నేల మీది కేంద్రాల గంటగంట రికార్డులోనే ఉంటుంది.

నేల మీది అంకెతో పక్కపక్కన పెట్టడం

జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమం 2019 జనవరిలో మొదలైంది. ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాలో విజయవాడ, గుంటూరు రెండూ ఉన్నాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సమీర్ యాప్‌లో నిరంతర కొలత కేంద్రాల అంకెలు వస్తాయి, మండలి వెబ్‌సైట్‌లో గంటవారీ డేటా కూడా దించుకోవచ్చు. మన దేశంలో నైట్రోజన్ డయాక్సైడ్‌కి 24 గంటల హద్దు 80 మైక్రోగ్రాములు, ఏడాది హద్దు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఏడాది సగటుకు పెట్టిన హద్దు 10.

పోల్చేటప్పుడు రోజు సగటు తీసుకోవద్దు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు మధ్య అంకె తీసుకోండి. దాన్ని కేంద్రం ఉన్న గడి ఉపగ్రహ విలువ పక్కన పెట్టి ఒక వంద రోజుల పట్టిక రాయండి. అంకెలు కలవవు, యూనిట్లే వేరు. ఒకటి పెరిగినప్పుడు రెండోది పెరుగుతోందా అన్నదే చూడాలి. రెండూ ఎదురెదురుగా పోతున్న రోజులకు గుర్తు పెట్టి, ఆ రోజు గాలి, మబ్బు ఎలా ఉన్నాయో వెతకండి. నేను ఎక్కువ నేర్చుకుంది అలాంటి రోజుల నుంచే.

చేయి తిరగడానికి ఒక లెక్క ఇస్తాను. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. ఆ తేదీ నుంచి ఏప్రిల్ 30 దాకా సగటు తీసి, 2019లో అవే తేదీల సగటు పక్కన పెట్టండి. నగరం గడులు, థర్మల్ స్టేషన్ గడులు, ఏ పరిశ్రమా లేని నల్లమల గడులు, మూడింటికీ విడివిడిగా తీయండి. నల్లమలలో వచ్చిన తేడా వాతావరణానిది కావొచ్చు, దాన్ని మనసులో ఉంచుకుని మిగతా రెండూ చదవండి. 2021తో మాత్రం పోల్చొద్దు. 2020 చివర్లో డేటా లెక్కగట్టే పద్ధతి మార్చారు, దానివల్ల కాలుష్యం ఉన్నచోట్ల అంకెలు వాటంతటవే కొంత పెరిగాయి. ఎర్త్ ఇంజిన్‌లో పాతవీ కొత్తవీ ఒకే వరసలో ఉంటాయి. ఈ సంగతి తెలియక నేను రెండు వారాలు "లాక్‌డౌన్ తర్వాత రెట్టింపు వేగంతో పెరిగింది" అని ఒక వ్యాసం రాసుకున్నాను. అదృష్టం, ఈసారి గ్రూపులో పెట్టలేదు.